పిల్లల ఆక్యుపేషనల్ థెరపీ: ఫలితం కంచంలో కనిపించాలి

పప్పన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకోవడంలో ఎన్ని పనులు దాగి ఉన్నాయో ఒకసారి నెమ్మదిగా గమనిస్తే తెలుస్తుంది. ఎడమచెయ్యి కంచం జరగకుండా పట్టాలి. కుడిచేతి వేళ్లు అన్నంలోకి దిగి పప్పుతో కలపాలి. ఎంత నొక్కితే ముద్ద నిలుస్తుందో, ఎంత నొక్కితే పిండి అయిపోతుందో వేళ్లకే తెలియాలి. ముద్ద వేళ్ల కొసల మీదికి చేరాక మణికట్టు తిరగాలి, మోచెయ్యి వంగాలి, తల కాస్త ముందుకు రావాలి, బొటనవేలు వెనక నుంచి ముద్దను నోట్లోకి తోయాలి. ఇదంతా జరుగుతున్నంతసేపూ నడుము నిటారుగా నిలవాలి. ఆరేళ్లు వచ్చినా ఒక పిల్లాడికి ఈ పని రాలేదంటే ఈ వరసలో ఎక్కడో ఒకచోట అడ్డు ఉంది. ఒకరికి వేళ్లకు జిగురు అంటుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇంకొకరికి వేళ్లు విడివిడిగా కదలవు, గుప్పిటంతా ఒక్కటిగా మూసుకుంటుంది. మరొకరికి నడుములో పట్టు చాలక ఒక చెయ్యి ఎప్పుడూ నేలకు ఆనించే ఉండాలి. నాలుగో పిల్లాడికి ఏ లోపమూ ఉండదు, నానమ్మ తినిపించడం మానకపోవడం వల్ల అలవాటు కాలేదు. బయటికి మాత్రం నలుగురిదీ ఒకటే ఫిర్యాదు: "వాడు సొంతంగా తినడండీ."

ఆ అడ్డు ఎక్కడుందో కనిపెట్టి, దాని మీద పనిచేసి, పిల్లాడు తన కంచం ముందు తానే కూర్చుని తినేదాకా తీసుకెళ్లడం ఆక్యుపేషనల్ థెరపీ పని. పేరులో ఉన్న 'ఆక్యుపేషన్' అంటే ఉద్యోగం అనుకుని చాలామంది తికమకపడతారు. ఇక్కడ ఆ మాటకు అర్థం మనిషి రోజును నింపే పనులన్నీ. పెద్దవాళ్లకైతే అందులో ఉద్యోగమూ ఉంటుంది. పిల్లలకైతే తినడం, బట్టలు తొడుక్కోవడం, స్నానం, బాత్‌రూమ్, ఆట, రాత, నిద్ర. నడక, బలం, కీళ్ల కదలికల మీద ఫిజియోథెరపిస్టు ఎక్కువ దృష్టి పెడతారు. మాట, భాష, మింగడం స్పీచ్ థెరపిస్టు చూస్తారు. ఈ హద్దులు కొంత కలిసిపోయే ఉంటాయి. సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతిని కదలికలు కుదరని స్థితి), ఆటిజం, డౌన్ సిండ్రోమ్, ఏడీహెచ్‌డీ (దృష్టి, కుదురు నిలవని స్థితి) ఉన్న పిల్లలు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, ఏ జబ్బు పేరూ లేకుండా చేతిపనుల్లో మాత్రం బాగా వెనకబడినవాళ్లు ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి వస్తుంటారు. ఈ థెరపీనీ, థెరపిస్టునూ కూడా పొట్టిగా ఓటీ అంటారు.

మొదటి రోజు

మొదటిసారి వెళ్లినప్పుడు గంట నుంచి గంటన్నర పడుతుందనుకుని వెళ్లాలి. పావుగంటలో పిల్లాడిని చూసి "వారానికి ఐదు సెషన్లు, మూడు నెలల ప్యాకేజీ" అని చీటీ రాసిచ్చారంటే అక్కడ అసెస్‌మెంట్ జరగలేదనే అర్థం. ఏ లెక్కన ఐదు? దేనికోసం మూడు నెలలు? పిల్లాడు ఏ పని ఎక్కడిదాకా చేయగలడో చూడకుండా ఆ లెక్క కట్టడం కుదరదు.

వెళ్లేటప్పుడు పుట్టినప్పటి డిశ్చార్జి కాగితాలు, ఎంఆర్‌ఐ తీసి ఉంటే ఆ రిపోర్టు, వినికిడి, కంటి పరీక్షల కాగితాలు, బడికి వెళ్లేవాళ్లయితే తెలుగు, లెక్కల నోటుపుస్తకాలు పట్టుకెళ్లాలి. అన్నిటికన్నా పనికొచ్చేది ఫోన్లో తీసిన వీడియోలు: భోంచేస్తున్నప్పుడు రెండు నిమిషాలు, బట్టలు తొడుక్కుంటున్నప్పుడు రెండు నిమిషాలు, ఇంకో పిల్లాడితో ఆడుతున్నప్పుడు రెండు నిమిషాలు. కొత్త గదిలో, కొత్త మనిషి ముందు పిల్లలు ఇంట్లో ఉన్నట్టు ఉండరు. ఇంటి సంగతి వీడియోలో దొరుకుతుంది.

పుట్టగానే ఏడ్చాడా, ఎన్నాళ్లు ఇంక్యుబేటర్‌లో ఉన్నాడు, ఫిట్స్ వచ్చాయా, మెడ ఎప్పుడు నిలిపాడు, ఎప్పుడు కూర్చున్నాడు అని థెరపిస్టు అడుగుతారు. తర్వాత పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా రోజెలా గడుస్తుందో అడుగుతారు. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అన్నం ఫోన్ చూపిస్తేనే తింటాడన్నా, ఎనిమిదేళ్లొచ్చినా అమ్మే స్నానం చేయిస్తుందన్నా సిగ్గుపడాల్సిందేమీ లేదు, థెరపీ మొదలయ్యే చోటు సరిగ్గా అదే. ఆ తర్వాత పిల్లాడితో పూసలు గుచ్చించడం, బంతి పట్టించడం, బొమ్మలు గీయించడం లాంటివి ఉంటాయి. గీతలు గీయడంలో ఒక క్రమం ఉంది. సుమారుగా రెండేళ్లకు నిలువు గీత, మూడేళ్లకు గుండ్రం, నాలుగేళ్లకు అడ్డం-నిలువు కలిసిన కూడిక గుర్తు, ఐదేళ్లు దగ్గరపడేటప్పటికి చతురస్రం, ఆ పైన త్రిభుజం చూసి గీయగలుగుతారు. త్రిభుజంలోని ఏటవాలు గీత చెయ్యి తిరగని పిల్లాడిని ఎల్‌కేజీలోనే అక్షరాల మీద కూర్చోబెట్టి కొట్టడం వల్ల వచ్చేది రాత మీద భయం ఒక్కటే.

ఆటిజం ఉందో లేదో తేల్చాల్సింది ఓటీ కాదు, పిల్లల డాక్టరు, డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్, క్లినికల్ సైకాలజిస్టు. ఓటీ తన పరిశీలన రాసి వాళ్లకు పంపవచ్చు. కొన్ని లక్షణాలు కనబడితే థెరపీ మొదలుపెట్టకముందే డాక్టరు దగ్గరికి వెళ్లాలి: నిన్నటిదాకా వచ్చిన మాటలో పనులో పోవడం, ఉన్నట్టుండి కళ్లు తేలేయడం, మంచినీళ్లు తాగినప్పుడల్లా పొలమారడం, ఏడాది లోపే ఒక చెయ్యి మాత్రమే వాడటం. ఈ చివరిదాన్ని చూసి "మావాడు ఎడమచేతివాటం" అని మురిసిపోయే ఇళ్లున్నాయి. ఏడాది నిండకుండా చేతివాటం స్థిరపడదు. రెండో చెయ్యి పనిచేయడం లేదేమో చూపించాలి.

లక్ష్యం ఒక్క వాక్యంలో పట్టాలి

అసెస్‌మెంట్ తర్వాత ఇంటికి రావాల్సినది ఒక కాగితం. దానిమీద రెండు మూడు లక్ష్యాలు ఇల్లు, బడి పనుల భాషలో ఉండాలి. "ఫైన్ మోటార్ మెరుగుపరచడం", "సెన్సరీ సమస్యలు తగ్గించడం" అని రాస్తే అది లక్ష్యం కాదు. మూడు నెలల తర్వాత సాధించారో లేదో ఎవరూ చెప్పలేరు. "జూన్‌లో బడి తెరిచేనాటికి స్కూలు చొక్కాకు ఐదు గుండీల్లో కింది మూడు తానే, ఐదు నిమిషాల్లోపు పెట్టుకుంటాడు" అంటే అమ్మ అయినా, తాత అయినా చూసి చెప్పగలరు.

లక్ష్యాలు ఎంచుకోవడానికి ప్రపంచమంతటా వాడే పద్ధతి ఒకటుంది. కెనడాలో తయారైంది, సీఓపీఎం (కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్) అంటారు. కుటుంబానికి ముఖ్యమైన పనులు కొన్ని ఎంచుకుని, ఇప్పుడు పిల్లాడు ఆ పని ఎంత బాగా చేస్తున్నాడు, దానితో మీకు ఎంత తృప్తి ఉంది అని 10కి మార్కులు వేయమంటారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ వేయిస్తారు. రెండు మార్కులు పెరిగితే లెక్కలోకి వచ్చే మార్పు వచ్చినట్టు. మీ సెంటర్లో ఈ కాగితం లేకపోయినా నష్టం లేదు. ఇంట్లోనే క్యాలెండర్ వెనక మూడు పనులు రాసి, తేదీ వేసి, మార్కులు వేసుకోవచ్చు. చాలా ఇళ్లలో ఏడాది థెరపీ తర్వాత "కొంచెం మార్పొచ్చిందండీ" అనే మాట తప్ప ఇంకేమీ చెప్పలేకపోవడానికి కారణం, మొదట్లో ఎక్కడున్నారో ఎవరూ రాసిపెట్టుకోకపోవడమే.

పరీక్ష ఫారాల్లో ఎక్కువ భాగం పడమటి దేశాల్లో పుట్టినవి. వాటిలో చెంచా, ఫోర్కు, కమోడ్, జిప్పు, షూ లేసు ఉంటాయి. ముద్ద కలపడం, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, నాడా ముడి, గుంట బాత్‌రూమ్‌లో కూర్చోవడం, మగ్గుతో కడుక్కోవడం ఉండవు. ఈ పనులను లక్ష్యాల్లో చేర్చమని కుటుంబమే అడగాలి. గుంట బాత్‌రూమ్ సంగతే తీసుకుంటే, పిక్కలు బిగుసుకున్న పిల్లాడికి మడమలు నేలకు ఆనవు. మునివేళ్ల మీద కూర్చుని తూలుతాడు, పడతానని భయపడి అసలు వెళ్లడమే మానేస్తాడు, మలబద్ధకం మొదలవుతుంది. మాన్పించాల్సింది అతని మొండితనం అనుకుంటే దారి తప్పినట్టే. కూర్చున్నప్పుడు చేతికందే ఎత్తులో గోడకు గట్టి రాడ్ బిగించడం, మడమల కింద తడికి జారని పలచటి పీట, సగమే నింపిన చిన్న మగ్గు, బట్టలతోనే గదిలో కూర్చుని లేచే సాధన ముందు రావాలి. కడుక్కోవడం నేర్పేటప్పుడు రెండు చేతుల పనినీ విడదీయాలి: మొదట పెద్దవాళ్లు నీళ్లు పోస్తే పిల్లాడు ఎడమచేత్తో కడుక్కుంటాడు, అది కుదిరాక మగ్గు కూడా తనే పట్టుకుంటాడు.

నలభై ఐదు నిమిషాల్లో ఏం జరుగుతుంది

మామూలుగా ఒక సెషన్ 45 నిమిషాలు. లోపల బంతులు, ఊయలలు, నిచ్చెనలు, రంగురంగుల మెత్తలు ఉంటాయి. పిల్లలు ఆడుతున్నట్టే ఉంటుంది. ఆటే ఉండాలి కూడా. ఇష్టంగా చేసిన పనే పదిసార్లు, ఇరవైసార్లు చేస్తారు. కానీ ఆ ఆట లక్ష్యానికి ఎలా ముడిపడిందో థెరపిస్టు ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. పేపర్ క్లిప్పులు నొక్కించడం గుండీల కోసం కావచ్చు. అయితే క్లిప్పులు నొక్కడం బాగా వచ్చినంత మాత్రాన గుండీ దానంతటది రాదు. ఏ పని రావాలో ఆ పనినే, అసలు చొక్కాతోనే సాధన చేయించాలి. గత రెండు దశాబ్దాల పరిశోధన బలంగా చెబుతున్నది ఇదే. 2013లో ఆస్ట్రేలియాకు చెందిన అయోనా నొవాక్ బృందం సెరిబ్రల్ పాల్సీ చికిత్సలన్నిటినీ ట్రాఫిక్ లైట్ల మాదిరిగా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని విడదీసినప్పుడు, లక్ష్యం పెట్టుకుని ఆ పనినే నేర్పడం, రెండు చేతుల సాధన, మంచి చేతిని కాసేపు ఆపి బలహీనమైన చేత్తో పని చేయించడం, ఇంటి సాధన ఆకుపచ్చలో నిలిచాయి.

గుండీ నేర్పే తీరు ఇలా ఉంటుంది. చొక్కా పిల్లాడి ఒంటి మీద కాకుండా బల్ల మీద పరిచి మొదలుపెట్టాలి. ఒంటి మీద ఉంటే గుండీ కనపడదు, తల వంచితే గడ్డం అడ్డొస్తుంది. రూపాయి బిళ్లంత గుండీ కుట్టి, దానికి తగ్గట్టు కాజా కాస్త పెద్దది చేయాలి. పెద్దవాళ్లు గుండీని కాజాలోంచి ముప్పాతిక వంతు దాటించి వదిలితే, మిగతాది పిల్లాడు లాగుతాడు. పని పూర్తయింది, పూర్తి చేసింది తను. అది పదిసార్లు కుదిరాక సగమే దాటించి వదలాలి. తర్వాత కాజా అంచున పెట్టి వదలాలి. ఇలా చివరి మెట్టు నుంచి వెనక్కి వస్తూ నేర్పితే ప్రతిసారీ గెలుపుతో ముగుస్తుంది. మొదటి మెట్టు పిల్లాడికి వదిలి మిగతాది మనం చేస్తే ప్రతిసారీ ఓటమితోనే మొదలవుతుంది. ఒంటి మీదికి వచ్చాక కింది గుండీతో ప్రారంభించాలి, అది కంటికి కనిపిస్తుంది. మెడ దగ్గరిది చిట్టచివర.

తల్లో తండ్రో గదిలో ఉండాలి, కనీసం చివరి పది నిమిషాలైనా. "మీరుంటే వాడు ఏడుస్తాడు, బయట కూర్చోండి" అని రోజూ చెప్పే చోట, ఎందుకో అడిగి తెలుసుకోవాలి. మొదటి వారం అలా చెప్పడంలో అర్థముంది. మూడో నెలలోనూ తలుపు మూసే ఉంటే లోపల నేర్చినది ఇంటికి ఎలా చేరుతుంది?

లెక్క చూద్దాం. వారానికి మూడు సెషన్లంటే రెండుంపావు గంటలు. ఐదేళ్ల పిల్లాడు రోజుకు సుమారు 13 గంటలు మేలుకుని ఉంటాడు, వారానికి 90 గంటలు పైనే. చేతులకు సంబంధించిన పరిశోధనల సమీక్ష ఒకటి 2020లో వచ్చింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు ఎంచుకున్న ఒక పనిలో మార్పు రావాలంటే 14 నుంచి 25 గంటల సాధన దాటాలని, చేతి సామర్థ్యం మొత్తంగా పెరగాలంటే 30 నుంచి 40 గంటలు దాటాలని తేల్చింది. వారానికి ఒక్క సెషన్‌లో, అందులోనూ ఆ పనికి పదిహేను నిమిషాలే దొరికితే, 20 గంటలు నిండడానికి ఏడాదిన్నర పడుతుంది. అదే ఇంట్లో రోజూ పావుగంట కలిస్తే మూడు నెలల్లోపే నిండుతుంది.

ఇంటి సాధన భారీగా ఉండనక్కర్లేదు. 2009లో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక నాణ్యమైన అధ్యయనంలో, ఇంట్లో సాధన చేసిన కుటుంబాలకు ఎనిమిది వారాల్లోనే స్పష్టమైన మార్పు కనిపించింది. వాళ్లు చేసింది నెలకు 17, 18 సార్లు, ఒక్కోసారి సుమారు 16 నిమిషాలు. రోజూ కూడా కాదు! పన్నెండు వ్యాయామాల జాబితా చేతిలో పెట్టి పంపితే ఏ తల్లీ వారం దాటి చేయలేదు. వంట, ఉద్యోగం, ఇంకో బిడ్డ ఉన్నాక అది సాధ్యమూ కాదు. చేయలేకపోయినందుకు ఆమెకు మిగిలేది అపరాధభావం. జాబితా ఇచ్చినప్పుడు "ఇందులో రెండే చెప్పండి, ఏ వేళ చేయాలో చెప్పండి" అని అడగడం మంచిది. స్నానం తర్వాత బట్టల వేళ గుండీలు, సాయంత్రం టిఫిన్ వేళ ఇడ్లీ తుంచుకోవడం. ఇడ్లీ మెత్తగా తునుగుతుంది కాబట్టి అది ముందు. దోసె తుంచడానికి రెండు వేళ్లతో నొక్కిపట్టి మిగతా వేళ్లతో లాగాలి, కాబట్టి తర్వాత. చపాతీ ఆ పైన.

సెన్సరీ గురించి సూటిగా

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇప్పుడు ఓటీ అంటే సెన్సరీ రూమ్ అన్నంతగా ఆ మాట పాకింది. దీని మూలం అమెరికన్ ఓటీ జీన్ ఎయిర్స్ 1960, 70 దశకాల్లో చెప్పిన సెన్సరీ ఇంటిగ్రేషన్ సిద్ధాంతం. స్పర్శ, కదలిక, కీళ్ల ఒత్తిడి లాంటి సంకేతాలను మెదడు సరిగ్గా కలుపుకోలేకపోతే నడవడిక, నేర్చుకోవడం దెబ్బతింటాయని ఆమె చెప్పారు. కొందరు పిల్లలకు శబ్దం, తాకిడి, వెలుగు తట్టుకోలేనంతగా ఉంటాయన్నది నిజం. ఆటిజం నిర్ధారణ ప్రమాణాల్లోనే దానికి చోటుంది. అయితే ఊయల ఊపడం, ఒంటికి బ్రష్ రుద్దడం, బరువు జాకెట్ వేయడం వల్ల మెదడు మారి మాట వస్తుంది, చదువు వస్తుంది అనడానికి ఆధారం బలహీనం. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో ఈ థెరపీలకు సాక్ష్యం పరిమితంగానే ఉందని, సమగ్ర ప్రణాళికలో ఒక భాగంగా వాడుకోవచ్చు గానీ ఆ పరిమితిని తల్లిదండ్రులకు చెప్పాలని అన్నది. 2022లో బ్రిటన్‌లో 4 నుంచి 11 ఏళ్ల ఆటిజం పిల్లలు 138 మందితో చేసిన ట్రయల్‌లో మామూలు సేవలకన్నా అదనపు లాభం కనిపించలేదు.

అందుకని ఊయల చెడ్డదని కాదు. పిల్లాడు సంతోషంగా గదిలోకి రావడానికి, కాసేపు కుదురుకోవడానికి అది పనికొస్తే వాడొచ్చు. 45 నిమిషాల్లో 40 నిమిషాలు ఊయల మీదే గడిస్తే మాత్రం అడగాలి. సెన్సరీ అవగాహనతో నిజంగా లాభం వచ్చేది పరిసరాలను మార్చడంలో. తలంటు పేరెత్తితేనే కేకలు పెట్టే పిల్లాడిని నలుగురు పట్టుకుని పోస్తే ఆ భయం మరింత ముదురుతుంది. నీళ్లు ముఖం మీదికి రాకుండా తల వెనక్కి వాల్చడం, కళ్ల మీద పొడి తువ్వాలు మడిచి తనే పట్టుకునేలా ఇవ్వడం, మొదటి మగ్గు భుజం మీద, రెండోది మెడ మీద, మూడోది తల మీద పోయడం, మొత్తం పది మగ్గులే అని ముందే చెప్పి పైకి లెక్కపెడుతూ పదితో ఆపడం, ఇవి చేస్తే చాలామందికి మూడు నాలుగు వారాల్లో తలంటు గట్టెక్కుతుంది. పది తర్వాత "ఇంకొక్కటి" అన్నామో, ఆ లెక్క మీద నమ్మకం పోతుంది. కుక్కర్ విజిల్‌కు బెదిరే పిల్లాడికి విజిల్ రాబోతోందని ముందే చెప్పడం, జుట్టు కత్తిరింపుకు సెలూన్ ఖాళీగా ఉండే వేళ చూసి వెళ్లడం కూడా ఈ కోవలోవే.

తెలుగు అక్షరం, చేతి కష్టం

రాత కోసం ఓటీ దగ్గరికి వచ్చేవాళ్లు బడిపిల్లల్లో ఎక్కువ. ఇంగ్లిష్ పెద్దక్షరాలు ఎక్కువగా తిన్నని గీతలు. తెలుగు దాదాపు అంతా వంపులే. చెయ్యి ఎత్తకుండా దిశ మార్చుకుంటూ పోవాలి, తలకట్టు మళ్లీ పైకొచ్చి పెట్టాలి, గుడి పైన, కొమ్ము పక్కన, ఒత్తు కింద. ఒంటిగీత పుస్తకంలో ఒత్తు కింది వరసలోని గుడిని గుద్దుకుంటుంది. చేతి నియంత్రణ తక్కువైన పిల్లాడికి వరస వదిలి వరస రాయమనడం, రెండు గీతల మధ్య ఎడం ఎక్కువున్న పుస్తకం ఇవ్వడం లాంటి చిన్న మార్పులే పేజీని చదవగలిగేలా చేస్తాయి. అక్షరమాల వరసలో మొదటే వచ్చే 'అ', 'ఆ'లు, కాస్త తర్వాత వచ్చే 'ఋ' రాయడానికి తేలికైనవి కావు. గుండ్రం వచ్చిన చేతికి 'ఠ', 'ర' ముందు ఇవ్వాలి. తర్వాత ఒకే ఆకారంలో పుట్టే 'ప, ఫ, ష, స' కలిపి, 'ద, డ, ధ' కలిపి నేర్పితే చెయ్యి ఒక కదలికను మళ్లీ మళ్లీ వాడుకుంటుంది.

పెన్సిల్ మూడు వేళ్లతోనే పట్టాలన్న పట్టుదల వదిలేయొచ్చు. నాలుగు వేళ్ల పట్టు, బొటనవేలు పక్కకు ఆనించే పట్టు కూడా వేగంలో, స్పష్టతలో తీసిపోవని 2012లో కెనడాలో నాలుగో తరగతి పిల్లల అధ్యయనంలో తేలింది. చెయ్యి నొప్పి పుడుతుంటే, పెన్సిల్ గుప్పిట్లో ఉంటే అప్పుడు మార్చాలి. దానికి ఖరీదైన గ్రిప్పుల కన్నా రెండు మూడు సెంటీమీటర్ల బలపం ముక్క మేలు. అంత చిన్నదాన్ని గుప్పిట పట్టలేరు, వేళ్ల కొసలే రావాలి. పలకను గోడకు ఆనించి నిలబెడితే మణికట్టు సరైన వంపులోకి వస్తుంది. బల్ల దగ్గర పాదాలు గాలిలో వేలాడకూడదు. కింద పాత పుస్తకాల కట్టో ఇటుకో పెట్టాలి. బల్ల ఎత్తు మోచేతికి సరిపోవాలి.

మట్టి పిసికించడం, పూసలు గుచ్చించడం మీదే నెలలు గడిపితే రాత బాగుపడదు. 2011లో వచ్చిన సమీక్ష ప్రకారం, రాత సాధన లేని పద్ధతులు, 20 సెషన్ల కన్నా తక్కువైనవి ఫలితమివ్వలేదు. అంతా చేసినా చెయ్యి అందుకోలేకపోతే పరీక్షలో అదనపు సమయం, సహాయ లేఖరి, టైపింగ్ అనే దారులున్నాయి. వైకల్య ధ్రువపత్రం ఉన్నవాళ్లకు ఇవి హక్కు, బడి చేసే దయ కాదు.

ఎక్కడ దెబ్బతింటుంది

చేతికి స్ప్లింట్ (చేతిని సరైన తీరులో పట్టి ఉంచే తొడుగు) ఇస్తే రోజుకు ఎన్ని గంటలు, ఏ వేళ వేయాలో రాయించుకోవాలి. తీసిన తర్వాత ఎర్రటి మచ్చ 20, 30 నిమిషాల్లో పోకపోతే ఆ స్ప్లింట్ మళ్లీ వేయకుండా తీసుకెళ్లి చూపించాలి. పిల్లలు ఎదుగుతారు, కొన్ని నెలలకే అది ఇరుకవుతుంది. స్ప్లింట్ ఒక్కటే చెయ్యి పనిచేసేలా చేయదు. బొటాక్స్ ఇంజెక్షన్ కూడా అంతే. కండరం సడలిన ఆ కొన్ని నెలల్లో సాధన జరగకపోతే డబ్బు, నొప్పి మిగులుతాయి.

ఏడుస్తున్న పిల్లాడి చేత బలవంతంగా చేయించడం ఇంకో పెద్ద పొరపాటు. మొదటి రెండు మూడు రోజులు కొత్తకు ఏడవడం వేరు. నెల దాటినా సెంటర్ వీధి మలుపులోనే ఏడుపు మొదలవుతోందంటే పద్ధతి మార్చాలి, లేదా మనిషిని మార్చాలి. థెరపిస్టులు తరచూ మారే సెంటర్లలో ప్రతి కొత్తవాళ్లూ మొదటికొస్తారు. అందుకే లక్ష్యాల కాగితం కాపీ, నెలనెలా ప్రగతి రాసిన కాగితం ఇంట్లో ఉండాలి. ఉదయం బడి మాన్పించి రోజూ నాలుగు థెరపీలకు తిప్పడం కూడా ఆలోచించాల్సిన విషయం. తోటిపిల్లల మధ్య గడిపే ఆ గంటలకు బదులుగా ఇచ్చేది ఏ గదిలోనూ లేదు.

చేసేవాళ్లెవరో కూడా అడగాలి. ఓటీ డిగ్రీ నాలుగేళ్ల చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్. కొన్నివారాల సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్లు థెరపిస్టుకు సహాయకులుగా ఉండొచ్చు గానీ అసెస్‌మెంట్ చేయకూడదు. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఆక్యుపేషనల్ థెరపిస్టులను తన పరిధిలోకి తెచ్చింది. ఏ డిగ్రీ, ఎక్కడ చదివారు అని అడిగితే నొచ్చుకోని థెరపిస్టే మంచి థెరపిస్టు.

డబ్బు పెట్టలేని ఇళ్లకు దారులు

2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుక నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షిస్తారు. మొబైల్ బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వస్తాయి. అక్కడ గుర్తించిన పిల్లలను జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల లోపాలను త్వరగా పట్టి చికిత్స చేసే ప్రభుత్వ కేంద్రం) పంపుతారు, సేవలు ఉచితం. అంగన్‌వాడీ టీచర్‌ను లేదా ఆశా కార్యకర్తను ఆ బృందం ఎప్పుడొస్తుందో అడిగి ఉంచుకోవడం మేలు. సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్‌నగర్‌లో ఉన్న నీపిడ్, 1984లో స్థాపించిన జాతీయ సంస్థ, మేధో వైకల్యం ఉన్న పిల్లలకు తక్కువ ఖర్చులో అసెస్‌మెంట్, ఇంటి సాధన ప్రణాళిక ఇస్తుంది. మండలాల్లో ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు ఉన్నాయి. సదరం (వైకల్య) ధ్రువపత్రం, యూడీఐడీ (జాతీయ వైకల్య గుర్తింపు) కార్డు ముందే తీసుకుంటే పింఛను, బస్ పాస్, పరీక్ష మినహాయింపులన్నిటికీ అదే తలుపు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంటుంది. థెరపీ ఖర్చులో కొంత అందులో వస్తుంది. ఏటా రెన్యువల్ మరచిపోకూడదు, బిల్లుల మీద థెరపిస్టు సంతకం, తేదీలు ఉండాలి.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు మూడేళ్లలోపు పిల్లల కోసం ఎర్లీ ఇంటర్వెన్షన్ అనే ప్రభుత్వ సేవ ఉంది. డాక్టరు చీటీ కోసం ఆగకుండా తల్లిదండ్రులే ఫోన్ చేయొచ్చు. అలా ఫోన్ చేసిన రోజు నుంచి 45 రోజుల్లో అసెస్‌మెంట్, ప్రణాళిక సమావేశం జరగాలని చట్టం. మూడేళ్ల తర్వాత బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. అయితే స్కూలు ఓటీ చదువుకు అడ్డొచ్చేవే చూస్తుంది, ఇంట్లో ముద్ద కలపడం వాళ్ల లెక్కలోకి రాదు. దాన్ని బయట క్లినిక్‌లో అడగాలి. పిల్లాడికి మాట ఆలస్యమైందని ఇంట్లో తెలుగు మానేయాల్సిన పని లేదు. రెండు భాషలు వినడం ఆటిజం ఉన్న పిల్లలకూ నష్టం చేయదని పరిశోధనలు చెబుతున్నాయి. నానమ్మతో మాట్లాడే భాష పోతే తిరిగి రావడం కష్టం.

ఎప్పుడు ఆపాలి

పెట్టుకున్న లక్ష్యాలు అందితే ఆపొచ్చు. మూడు నెలలు నిజాయితీగా ఇంటా, సెంటర్‌లోనూ సాధన జరిగాక కూడా మార్కుల్లో కదలిక లేకపోతే లక్ష్యాన్నో పద్ధతినో మార్చాలి. పిల్లాడు పని చేయలేని చోట పనిముట్టు మార్చడం కూడా థెరపీయే. నాడా బదులు ఎలాస్టిక్, గుండీ వెనక వెల్‌క్రో, అంచు ఎత్తున్న కంచం, కంచం కింద తడిగుడ్డ. ఏళ్ల తరబడి ఆగకుండా సాగే థెరపీ కన్నా, మూడు నెలలు గట్టిగా చేసి, కొన్నాళ్లు ఆపి, ఇంట్లో స్థిరపడనిచ్చి, మళ్లీ కొత్త అవసరం వచ్చినప్పుడు వెళ్లడం చాలా కుటుంబాలకు అన్నివిధాలా నయం.

ఆ కొత్త అవసరాలు ఎప్పుడొస్తాయో ముందే తెలుసు: బడిలో చేరేటప్పుడు, ఆరో తరగతిలో హైస్కూలుకు మారేటప్పుడు, యుక్తవయసులో. ఆడపిల్లల ఇళ్లలో ఈ చివరిదాన్ని గురించి థెరపిస్టుతో మాట్లాడటానికి వెనకాడతారు. మేధో వైకల్యం ఉన్న అమ్మాయికి తొమ్మిది, పదేళ్లకే సాధన మొదలుపెట్టాలి, నెలసరి వచ్చాక కాదు. లోదుస్తుల మీద ప్యాడ్ ఆకారంలో రంగు దారంతో గీత కుట్టి, ఆ గీతలో ప్యాడ్ అతికించడం నేర్పాలి. రోజూ గంటసేపు పొడి ప్యాడ్‌తో ఉండడం అలవాటు చేయాలి. తర్వాత ప్యాడ్ మీద ఎర్రరంగు నీళ్లు వేసి, చూసి, తీసి, కాగితంలో చుట్టి, బుట్టలో వేసి, చేతులు కడుక్కునే వరసను బొమ్మలుగా బాత్‌రూమ్ తలుపు లోపలివైపు అంటించాలి. ఆరు బొమ్మలు చాలు.